సంపాదనల ఒకటిన్నర రెట్లు, ఊరి ఖర్చుల నూట ఎనిమిది రూపాయలు

తెలంగాణ ఊర్లల్ల ఒక మనిషి మీద నెలకు పడుతున్న సగటు ఖర్చు 5,435 రూపాయలు. కృష్ణ దాటి అవతలి ఒడ్డుకు పోతే, ఆంధ్రప్రదేశ్ ఊర్లల్ల అదే ఖర్చు 5,327 రూపాయలు. తేడా 108 రూపాయలు. కేంద్ర గణాంక శాఖోళ్లు 2023 ఆగస్టు కెళ్లి 2024 జులై దాక దేశమంత తిరిగి, రెండు లక్షల అరవై వేల పైచిలుకు ఇండ్లల్ల అడిగి తీసిన లెక్క ఇది. గృహ వినియోగ వ్యయ సర్వే అంటరు దీన్ని. తిండి, బట్ట, కిరాయి, ఫీజు, మందులు, పెట్రోలు, ఫోన్ రీచార్జి అన్ని ఇండ్లనే వస్తయ్.

ఇగ ఇంకో లెక్క చూడుండ్రి. అదే 2023-24ల తెలంగాణ తలసరి ఆదాయం దాదాపు మూడున్నర లక్షలు. ఆంధ్రప్రదేశ్‌ది దాదాపు రెండు లక్షల నలభై వేలు. అంటె కాగితం మీద మనం వాళ్లకన్న ఒకటిన్నర రెట్లు సంపాదిస్తున్నం. దేశంల పెద్ద రాష్ట్రాలల్ల ముందు వరుసల ఉన్నమని మన సర్కార్లు, నిన్నటిది గాని ఇయ్యాలటిది గాని, ఛాతి కొట్టుకుంటనే ఉన్నయ్.

మరి సంపాదన ఒకటిన్నర రెట్లున్నప్పుడు ఊర్లె ఖర్చు నూట ఎనిమిది రూపాయలే ఎక్కువుంటదా? అంతకు ముందటి ఏడు, 2022-23 సర్వేల అయితే మనమే వెనుక ఉన్నం. అప్పుడు మన ఊర్లది 4,802, వాళ్లది 4,870. మిగిలిన సంపాదన యాడ ఉన్నది? ఎవల చేతుల ఉన్నది? నల్లగొండ, పాలమూరు పిల్లలు అడగవలసిన ప్రశ్న ఇదే. వాట్సాప్ గ్రూపులల్ల "మేం నంబర్ వన్" అని ఒకలు, "మాదే అసలు అభివృద్ధి" అని ఇంకొకలు కొట్లాడుకునుడు బంద్ చేసి, ఈ లెక్కను జర నిదానంగ విప్పి చూద్దాం.

రెండు రాష్ట్రాలు, రెండు దేశాలంత

ముందుగాల ఒక సంగతి తెలుసుకోవాలె. ఇవి చిన్న ఎకానమీలు కావు. 2024-25ల తెలంగాణ మొత్తం ఉత్పత్తి విలువ 16 లక్షల కోట్ల రూపాయల పైన. ఆంధ్రప్రదేశ్‌ది గూడ 16 లక్షల కోట్లకు దగ్గర. ఒక్కొక్కటి శ్రీలంక దేశం మొత్తం ఎకానమీకి దాదాపు రెండింతలు. రొట్టె రెండు దిక్కుల ఒకటే సైజు. కాకుంటె మన దిక్కు దాన్ని పంచుకునేది మూడు కోట్ల ఎనభై లక్షల చిల్లర మంది. ఆ దిక్కు ఐదు కోట్ల ముప్పై లక్షల దాక ఉంటరు. గందుకే మన తలసరి పెద్దగ కనబడుతది.

ఏ ఎకానమీల అయినా ఖర్చు పెట్టేటోళ్లు ముఖ్యంగ ఇద్దరు. ఒకటి ఇంటోళ్లు, రెండు సర్కారు. మన దేశం మొత్తం చూస్తె, ఉత్పత్తి అయ్యే ప్రతి వంద రూపాయలల్ల దాదాపు అరవై రూపాయలు ఇంటి ఖర్చుల కిందనే పోతయ్. సర్కారు సొంత వినియోగం పది రూపాయల చుట్టుపక్కల. మిగిలింది ఫ్యాక్టరీలు, రోడ్లు, ఇండ్లు, ఎగుమతులు. అంటె ఎకానమీ అనే బండి ఎక్కువగ నడిచేది మన కిరాణం చీటీ మీదనే. ఊర్లె ఖర్చు ఆగితే ఆ బండి సగం ఆగినట్టే.

రాష్ట్రాలకు వచ్చేసరికి సర్కారు లెక్క బడ్జెట్ల దొరుకుతది. 2025-26కు తెలంగాణ పెట్టిన బడ్జెట్ 3,04,965 కోట్లు. ఆంధ్రప్రదేశ్ పెట్టింది 3,22,359 కోట్లు. పాత అప్పు అసలు కట్టుడు అసొంటివి తీసేసి, రోజువారీ ఖర్చు, కట్టడాల ఖర్చు రెండే కలిపితె తెలంగాణ 2,63,486 కోట్లు, ఆంధ్ర 2,91,797 కోట్లు. మంది మీద పంచి చూడుండ్రి. మన దగ్గర మనిషికి ఏడాదికి దాదాపు 69 వేలు, వాళ్ల దగ్గర దాదాపు 55 వేలు.

ఇప్పుడు మూడు లెక్కలు పక్కపక్కన పెడుదాం. సంపాదనల మనం ఒకటిన్నర రెట్లు. సర్కారు ఖర్చుల ఒకటింబావు రెట్లు. ఊరి ఇంటి ఖర్చుల మాత్రం దాదాపు సమానం. పై నుంచి కిందికి వస్తుంటె నీళ్లు ఇంకిపోయినట్టు తేడా ఇంకిపోతున్నది. కాల్వ యాడనో తెగింది. ఆ గండి యాడ ఉన్నదో వెతుకుదాం.

మొదటి గండి: పట్నం దగ్గర

అదే సర్వేల తెలంగాణ పట్నాల లెక్క మనిషికి నెలకు 8,978 రూపాయలు. ఆంధ్ర పట్నాలల్ల 7,182. అంటె మన దగ్గర ఊరి మనిషి కన్న పట్నం మనిషి 65 శాతం ఎక్కువ ఖర్చు పెడుతుండు. ఆంధ్రల ఆ తేడా 35 శాతం. కేరళల అయితే 18 శాతమే. అక్కడ ఊర్లె 6,611, పట్నంల 7,834. కేరళ తలసరి ఆదాయం మనకన్న తక్కువ. అయినా అక్కడి ఊరోడు మన ఊరోనికన్న నెలకు వెయ్యి రూపాయల పైన ఎక్కువ పెట్టగలుగుతుండు. గల్ఫ్ పైసలు ఒక కారణం, నిజమే. పట్నం, ఊరు అని గంత ఎడం లేకుండ ఒకదాని పొంటి ఒకటి పెరుగుడు ఇంకో కారణం.

మన తలసరి ఆదాయం పెద్దగుండుడు ఎందుకంటె హైదరాబాద్, రంగారెడ్డి, మేడ్చల్ ఉండబట్టి. 2022-23 లెక్కల రంగారెడ్డి జిల్లా తలసరి తొమ్మిది లక్షల పైన. పక్కనే ఉన్న వికారాబాద్‌ది రెండు లక్షల లోపల. పాత పాలమూరు జిల్లానే తీసుకోండ్రి. 2016ల జిల్లాలు విడగొట్టినప్పుడు షాద్‌నగర్ దిక్కు రంగారెడ్డిల కలిసింది. కొడంగల్ దిక్కు కొంత వికారాబాద్‌ల కలిసింది, కొంత తర్వాత 2019ల నారాయణపేటల కలిసింది. నిన్న మొన్నటి దాక ఒకటే జిల్లా ఆఫీసుకు దరఖాస్తులు పెట్టుకున్న ఊర్లు. ఇయ్యాల ఒక ఊరు రాష్ట్రంల అందరికన్న ధనవంతమైన జిల్లాల ఉన్నది, ఇంకో ఊరు అట్టడుగు జిల్లాల ఉన్నది. షాద్‌నగర్ దగ్గర కంపెనీ పెట్టినంత మాత్రాన ఆ పక్క పల్లె కూలోని ఇంట్ల తొమ్మిది లక్షలు రావు. కంపెనీ లాభం గూడ జిల్లా ఆదాయంలనే లెక్క కడుతరు. ఆ లాభం పోయేది షేర్లున్నోని ఖాతాలకు.

సగటు అనే మాటను గందుకే నమ్మేటప్పుడు జర చూసుకోవాలె. తెలంగాణ ఊర్ల సగటు 5,435లనే శంషాబాద్ పక్క ఊరు ఉన్నది, మద్దూరు మండలం తండా గూడ ఉన్నది. దేవరకొండ, అచ్చంపేట, మక్తల్ దిక్కు ఖర్చు ఎంతో ఈ సర్వే పుస్తకంల విడిగ రాయరు.

రెండో గండి: పైసలు పంచే తీరు

సర్కారు ఖర్చు రెండు రకాలు. టీచరుకు జీతం ఇచ్చి బడి నడిపితె అది సర్కారు సొంత వినియోగం. ముసలవ్వకు పింఛన్ ఇస్తె అది సర్కారు వినియోగం కాదు. ఆ పైసలు అవ్వ చేతికి వచ్చి, ఆమె గోలీలు కొంటె, మనుమనికి బిస్కెట్ పుడ కొంటె అప్పుడు అది ఇంటి ఖర్చుల లెక్కకు వస్తది. అంటె పింఛన్, రైతుబంధు అసొంటివి సర్కారు పుస్తకం కెళ్లి బయలెల్లి మన పుస్తకంల తేలుతయ్. కాబట్టి ఎవలకు ఇచ్చిండ్రు అన్నదాన్ని బట్టి ఊరి ఖర్చు పెరుగుతదా లేదా అన్నది ఆధారపడి ఉంటది.

పింఛన్ చూద్దాం. మన దగ్గర ఆసరా 2014 నవంబర్‌ల వెయ్యి రూపాయలతోని మొదలైంది. 2019ల 2,016 చేసిండ్రు. నాలుగు వేలు చేస్తమని 2023 ఎన్నికలల్ల మాట ఇచ్చిండ్రు గని 2025 మార్చిల బడ్జెట్ పెట్టే నాటికి గూడ అది పెరగలె. ఆంధ్రల 2023ల పింఛన్ 2,750, 2024 జనవరిల 3,000, అదే ఏడు జులై కెళ్లి 4,000. సర్వే నడిచిన ఏడాది 2023నే తీసుకుందాం. ఒక్క పింఛన్ మీద తేడా 734 రూపాయలు. నలుగురున్న ఇంట్ల పంచితె మనిషికి నెలకు 183. రెండు రాష్ట్రాల ఊర్ల మధ్య మొత్తం తేడానే 108 అయినప్పుడు, ఒక్క పింఛన్ ఎంత పని చేస్తదో మీరే చూడుండ్రి.

ఇగ రైతు పైసలు. 2018 మే 10 నాడు హుజూరాబాద్ దిక్కు రైతుబంధు మొదలైంది. మంచి ఆలోచననే. పెట్టుబడికి షావుకారి కాడికి పోయే తిప్పలు చానమందికి తగ్గింది. గని అది ఎకరం లెక్క. సర్వే నడిచిన ఏడాది ఎకరానికి రెండు పంటలకు కలిపి పది వేలు. అదే ఏడు ఆంధ్రల కేంద్రం ఇచ్చే ఆరు వేలతోని కలిపి కుటుంబానికి 13,500. ఒక ఎకరమున్నా అంతే, పది ఎకరాలున్నా అంతే. భూమి లేని ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ కౌలు రైతులను గూడ కాగితం మీదనన్న అండ్ల చేర్చిండ్రు. మన రైతుబంధుల కౌలు రైతు పేరే లేదు.

సర్కారు మారినంక 2025 జనవరి 26 కెళ్లి రైతు భరోసా అని ఎకరానికి ఏడాదికి 12 వేలు చేసిండ్రు. అదే రోజు భూమి లేని ఉపాధి కూలీ కుటుంబాలకు ఇందిరమ్మ ఆత్మీయ భరోసా అని ఏడాదికి 12 వేలు ప్రకటించిండ్రు. భూమి లేనోళ్లను సర్కారు యాదికి తెచ్చుకునుడు మంచిదే. గని రూలును లెక్క పెట్టి చూస్తె ఏమైతున్నది? కుటుంబమంత కూలి చేసి బతికే ఇంటికి ఏడాదికి 12 వేలు. పది ఎకరాలున్న ఆసామికి లక్షా ఇరవై వేలు. ఆ పది ఎకరాలు కౌలుకు ఇచ్చి వనస్థలిపురంల ఉంటె గూడ లక్షా ఇరవై వేలే.

ఇండ్ల ఎకానమీ సూత్రం ఒకటి ఉన్నది. ఇంగ్లండ్ ఆర్థికవేత్త కీన్స్ 1936ల చెప్పిండు గని మన అవ్వలకు అంతకు ముందే తెలుసు. లేనోనికి వంద ఇస్తె వంద ఖర్చు అయితది. ఉన్నోనికి వంద ఇస్తె కొంతనే ఖర్చు చేస్తడు, మిగిలింది దాసుకుంటడు. కూలి ఇంటికి వచ్చిన పైసలు అదే వారం ఊరి కిరాణంల, టైలర్ కాడ, సంతల తిరుగుతయ్. ఒకని ఖర్చు ఇంకొకని సంపాదన అయితది. ఆసామికి వచ్చిన లక్ష యాదగిరిగుట్ట దిక్కు ప్లాటు అయితది. ప్లాటు కొనుడు వినియోగం లెక్కలకు రాదు. ఊర్లె తిరగదు. సర్కారు ఖజానా కెళ్లి బయలెల్లిన రూపాయి ఊరి నెత్తి మీద కెళ్లి పోయి పట్నంల దిగుతున్నది.

మూడో గండి: ఎక్కువ ఖర్చు అంటె మంచి బతుకేనా?

ఇప్పటి దాక ఖర్చు ఎక్కువుంటె మంచిది అన్నట్టు మాట్లాడుకున్నం. ఆ మాటను గూడ జర తిప్పి చూడాలె.

లెక్క కోసం రెండు ఇండ్లు అనుకుందాం. మొదటి ఇంట్ల ఇద్దరు పిల్లలు ప్రైవేటు బడికి పోతరు. బస్సు, పుస్తకాలు కలిపి ఏడాదికి అరవై వేలు. ఇంటి పెద్దమనిషికి షుగర్, నెలకు రెండు వేల మందులు. తాగే నీళ్లకు ఇరవై లీటర్ల డబ్బాలు. రెండో ఇంట్ల పిల్లలు ఊర్లె మంచిగ నడిచే సర్కారు బడికి పోతరు. షుగర్ గోలీలు దవాఖానల పుక్కట్ల దొరుకుతయ్. నల్లా నీళ్లు తాగుతరు. మిగిలిన పైసలతోని వారానికి రెండు దినాలు గుడ్లు, ఒక దినం కూర తింటరు. సర్వే పుస్తకంల ఏ ఇల్లు పెద్దగ కనబడుతది? మొదటిదే. బతుకుల ఏ ఇల్లు మేలు? అది నేను చెప్పే పని లేదు.

ఈ సర్వేల పుక్కట్ల వచ్చిన రేషన్ బియ్యం, బడి పిల్లలకిచ్చిన సైకిల్, యూనిఫాం అసొంటి వాటికి ధర కట్టి ఇంకో లెక్క గూడ ఇస్తరు. అట్ల కలిపితె దేశం మొత్తం మీద ఊరి సగటు 4,122 కెళ్లి 4,247 అయింది. అంటె 125 రూపాయలు పెరిగింది. గని సర్కారు బడిల చదువుకు, సర్కారు దవాఖానల వైద్యానికి ధర కట్టరు. ఫీజు కడితె లెక్కకు వస్తది, కట్టకుంటె రాదు. గందుకే సర్కారు బడి ఖరాబై పిల్లలు ప్రైవేటుకు పోతున్న కొద్ది ఊరి ఖర్చు పెరిగినట్టు, ఊరు ముందుకు పోయినట్టు కనబడుతది.

మన దగ్గర జరుగుతున్నది అదే. తెలంగాణల సగం కన్న ఎక్కువ మంది బడి పిల్లలు ప్రైవేటులనే చదువుతున్నరు. 2023-24 బడ్జెట్ల మన సర్కారు చదువుకు పెట్టింది మొత్తం ఖర్చుల ఎనిమిది శాతం లోపల. దేశంల రాష్ట్రాల సగటు పదిహేను శాతం దగ్గర. ఆంధ్ర గూడ సగటుకు తక్కువనే గని మనకన్న ఎక్కువ పెడుతది. అక్కడ 2019 నవంబర్‌ల నాడు-నేడు అని బడుల గోడలు, మరుగుదొడ్లు, బెంచీల మీద పెట్టిండ్రు. 2020 జనవరి కెళ్లి అమ్మ ఒడి అని తల్లి ఖాతాల ఏడాదికి 15 వేలు ఏసిండ్రు. ఆ అమ్మ ఒడి ప్రైవేటు బడి పిల్లల తల్లులకు గూడ పోయింది, అంటె కొంత ఫీజు కింద మళ్ల ప్రైవేటు బడికే చేరింది. బిల్డింగులు బాగయినంత మాత్రాన చదువు బాగయినట్టు గూడ కాదు. గని చదువుకు పైసలు పెట్టుడు అనే ముచ్చట అక్కడ ఎన్నికల పంచాయితీ అయింది. మన దగ్గర ఇంక కాలె.

కాలేజీ పిల్లలకు ఇది ఇంకా బాగ ఎరుక. ఫీజు రీయింబర్స్‌మెంట్ అని బడ్జెట్ల రాస్తరు. బకాయిలు వేల కోట్లయి, 2025ల ప్రైవేటు కాలేజీల మేనేజ్‌మెంట్లు బంద్ పెట్టినయ్. సర్కారుకు, కాలేజీకి మధ్య లెక్క తేలే దాక నడుమ నలిగేది పిల్లలు. ఫీజు కడితెనే సర్టిఫికెట్ అంటె ఆ నాయిన ఎడ్లు అమ్మన్న కడతడు, మిత్తికి తెచ్చన్న కడతడు. బడ్జెట్ పుస్తకంల అది సర్కారు ఖర్చు. నిజానికి పెట్టింది ఆ నాయిన. బడ్జెట్ల రాసింది, ట్రెజరీ కెళ్లి బయలెల్లింది రెండూ ఒకటి కాదని దీనితోని తెలుస్తది.

దవాఖాన సంగతి చూస్తె పాలమూరుకు ఒక చరిత్ర ఉన్నది. 2007 ఏప్రిల్ 1 నాడు ఆరోగ్యశ్రీని మొట్టమొదలు మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాలల్లనే పెట్టిండ్రు. కరువు, వలస ఉన్న జిల్లాలని. ఇయ్యాల మన దగ్గర పది లక్షల దాక, ఆంధ్రల ఇరవై ఐదు లక్షల దాక అని పరిమితి పెంచిండ్రు. గుండె ఆపరేషన్‌కు అది ప్రాణం నిలబెట్టింది, కాదనలేం. గని నెలనెలా బీపీ గోలీ, రక్త పరీక్ష, పాము కరిసినప్పుడు దగ్గరి దవాఖానల ఇంజక్షన్ ఇవన్ని పెద్ద కార్డు కిందికి రావు. దేశం మొత్తం మీద వైద్యానికి అయ్యే ప్రతి వంద రూపాయలల్ల ఇంటి జేబు కెళ్లి పోయేది 2013-14ల 64, 2021-22ల 39 అని కేంద్రం లెక్క. తగ్గింది, సంతోషమే. ఆ 39 గూడ ఎక్కువగ మందులకు, ఓపీలకు పోయేదే.

నీళ్లు చూడుండ్రి. మిషన్ భగీరథ పైలాన్‌ను 2015ల నిలబెట్టింది మన చౌటుప్పల్లనే. ఫ్లోరైడ్ తోని ఎముకలు వంకరపోయిన మర్రిగూడ, మునుగోడు దిక్కు నదీ నీళ్లు వచ్చుడు చిన్న సంగతి కాదు. గని నల్లా ఉన్న ఇంట్లనే తాగటానికి డబ్బ నీళ్లు కొంటున్న ఇండ్లు ఎన్ని ఉన్నయో మీ వాడల లెక్కపెట్టుండ్రి. సర్కారు ఒకసారి పెట్టింది, మనం రెండోసారి పెడుతున్నం. కాల్వ నీళ్లది గూడ అంతే. శ్రీశైలం ఎడమగట్టు సొరంగం నల్లగొండకు రావాలె. 2025 ఫిబ్రవరి 22 నాడు దోమలపెంట కాడ అది కూలి ఎనిమిది మంది పని మనుషులు లోపలనే చిక్కుకపోయిండ్రు. పాలమూరు-రంగారెడ్డికి 2015ల 35,200 కోట్లకు జీవో ఇచ్చి, 2023 సెప్టెంబర్‌ల నార్లాపూర్ కాడ మొదటి మోటరు తిప్పిండ్రు. కాల్వ రాని చోట రైతు బోరు ఏస్తడు. బోరు ఖర్చు ఈ సర్వేల యాడ కనబడదు. అప్పుల పుస్తకంల కనబడుతది.

ఇచ్చిన చేయి, తీసుకున్న చేయి

ఇంటి ఖర్చుల కెళ్లి సర్కారుకు వాపస్ పోయేది గూడ ఉన్నది. మన రాష్ట్రంల పెట్రోలు మీద వ్యాట్ 35.2 శాతం. లీటర్ 107 రూపాయలకు కొట్టిస్తె అండ్ల దాదాపు పావు వంతు రాష్ట్రానికి పోతది. కేంద్రం ఎక్సైజ్ వేరే. అటు లిక్కర్ చూస్తె 2025-26ల ఎక్సైజ్ కిందనే 27 వేల కోట్లకు పైన వస్తయని సర్కారు అంచనా కట్టుకున్నది. ఆంధ్ర 2019ల మందు దుకాణాలను సర్కారు చేతికి తీసుకున్నది, 2024 అక్టోబర్‌ల మళ్ల ప్రైవేటుకు ఇచ్చింది. దుకాణం ఎవలది అయినా ఆమ్దాని మాత్రం ఖజానాకే. అవ్వకు ఇచ్చిన పింఛన్ల కొంత కొడుకు బెల్టు షాపుల కట్టి వస్తుండు అంటె, సర్కారు ఒక చేతితోని ఇచ్చి ఇంకో చేతితోని తీసుకుంటున్నట్టే. ఇంటి ఖర్చు లెక్కల మందు సీసా గూడ ఉంటదని మర్చిపోవద్దు.

రెండు చిన్న దేశాలు చెప్పే సంగతి

బయట చూస్తె మనకు దగ్గరి రెండు దేశాలున్నయ్. శ్రీలంకల 1940ల కెళ్లి పుక్కట్ చదువు, సర్కారు దవాఖానలు. పేద దేశమైనా మనిషి ఆయుష్షుల, చదువుల చానా ఏండ్లు మనకన్న ముందున్నది. ఇంటి జేబు మీద భారం సర్కారు మోసింది. అదే దేశం 2019 ఆఖరుల పన్నులు అడ్డగోలుగ తగ్గించింది. రాబడి పడిపోయింది, కరోనా వచ్చింది, అప్పులు పెరిగినయ్. 2022 ఏప్రిల్ల విదేశీ అప్పు కట్టలేనని చేతులెత్తేసింది. ఆ ఏడు సెప్టెంబర్‌కు ధరలు దాదాపు 70 శాతం పెరిగినయ్. రాబడి ఎట్ల అని అడగకుండ ఖర్చు మాత్రమే చూస్తె ఏమైతదో అది చెప్పింది.

నేపాల్ ఇంకో తీరు. ఆ దేశం సంపాదనల దాదాపు పావు వంతు బయటి దేశాలల్ల కష్టం చేసే పిల్లలు పంపే పైసలే. ఇండ్లల్ల ఖర్చు మంచిగనే కనబడుతది. కొత్త ఫోన్లు, కొత్త రేకుల ఇండ్లు. ఊర్లల్ల మాత్రం పని లేదు, పిల్లలు లేరు. ఇది వింటె పాలమూరోళ్లకు కొత్తగ ఏమన్న అనిపిస్తదా? గుంపు మేస్త్రి కింద ముంబయి, పుణె, బెంగళూరు పోయి డ్యాములు, బిల్డింగులు కట్టిన జిల్లా మనది. ఇంటి ఖర్చు పెరిగిందంటె ఊరు పెరిగినట్టు కాదు. ఆ పైసలు ఊర్లె పుట్టినయా, ఊరు విడిచిపోయిన మనిషి పంపిండా అన్నది గూడ చూడాలె.

మనం ఏం అడగాలె?

ఇదంత చదివి "అయితే ఆంధ్రోళ్లే మేలా" అని కొందరు అంటరు. అది గాదు ముచ్చట. వాళ్లకు వాళ్ల అప్పులున్నయ్, వాళ్ల బకాయిలున్నయ్. ఇంకొందరు "పుక్కట్ పథకాలు బంద్ చేస్తె అన్ని సక్కగైతయ్" అంటరు. వాళ్లకు నేను చెప్పేది ఒక్కటే: ఊరి కిరాణం నడుస్తున్నదే పింఛన్ పడ్డ వారంల. బంద్ చేయవలసింది పింఛన్ కాదు, నూరెకరాల ఆసామికి గూడ ఎకరం లెక్కన పంచే తీరు. పింఛన్ ఇచ్చి, బడిని ఎండబెట్టి, ఆ పింఛన్ మనుమని ఫీజు కింద పోయేటట్టు చేసుడు సంక్షేమం కాదు.

2025 ఉగాది నాడు మన హుజూర్‌నగర్లనే సన్నబియ్యం పథకం మొదలైంది. మనిషికి ఆరు కిలోలు. అంతకుముందు రేషన్ దొడ్డు బియ్యం అమ్ముకొని బయట సన్నయి కొన్న ఇండ్లు చానా ఉన్నయ్. ఇప్పుడు ఆ కొనుడు తగ్గింది. అంటె ఇంటి ఖర్చు ఆ మేరకు తగ్గి, తిండి బాగయింది. సర్కారు ఖర్చు ఇట్ల ఉండాలె. మనం ఇంతకుముందు కొనుక్కుంటున్నదాన్ని కొనే అవసరం లేకుండ చేయాలె. బడి, దవాఖాన, బస్సు, తాగునీళ్లు అన్నిటికి ఇదే కొలత పెడుదాం.

కాబట్టి ఇగ ముందు ఏ లీడర్ వచ్చి బడ్జెట్ లక్షల కోట్లు అన్నా, తలసరి ఇంత అన్నా, మూడు ప్రశ్నలు అడుగుండ్రి. ఒకటి, ఆ పైసలల్ల మా మండలానికి నిజంగ ట్రెజరీ కెళ్లి వచ్చింది ఎంత, కాగితం మీద ఉన్నది ఎంత? రెండు, అవి లేనోనికి పోయినయా, ఉన్నోనికి పోయినయా? మూడు, ఆ ఖర్చు తోని మా ఇంట్ల ఏ ఖర్చు తగ్గింది?

బడ్జెట్ పుస్తకాలు ఆర్థిక శాఖ వెబ్‌సైట్ల ఉన్నయ్. గ్రామ పంచాయతీ జమాఖర్చు ఈ-గ్రామ్ స్వరాజ్‌ల ఫోన్‌లనే చూడొచ్చు. బడికి ఎంత వచ్చింది, సబ్‌సెంటర్‌కు మందులు ఎన్ని వచ్చినయ్ అని సమాచార హక్కు కింద పది రూపాయలు పెట్టి అడగొచ్చు. తెల్లకార్డు ఉన్నోళ్లకు ఆ పది గూడ లేదు. జిల్లాలవారీగ ఇంటి ఖర్చు లెక్క తీయాలని, నారాయణపేట ఊరిని శంషాబాద్ ఊరితోని కలిపి సగటు చెప్పొద్దని గూడ మనం అడగాలె.

నూట ఎనిమిది రూపాయలు అంటె ఒక లీటర్ పెట్రోలు. రాష్ట్రం ఒకటిన్నర రెట్లు సంపాదిస్తుంటె ఊరికి వచ్చిన వాటా నెలకు మనిషికి ఒక లీటర్ పెట్రోలు అయితె, మిగిలిందాని లెక్క చెప్పవలసింది సర్కారు. ఆ లెక్క అడగవలసింది మాత్రం మనమే.